చేపలకు అన్నం పెట్టిన మా అత్త

శుక్రవారమొస్తే డ్రై డే అంటారు. ఆశా వర్కరు ఇంటింటికీ తిరిగి తొట్లన్నీ వంచి ఆరబెట్టమంటుంది. మాది కొమరోలు పక్క పల్లె. ట్యాంకరు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలీదు. బిందెలెత్తుకుని పరిగెత్తి పట్టుకున్న నీళ్ళను దోమల కోసం పారబోయాలంట! అయ్యే పనేనా? కానీ ఈసారి నాకు నవ్వు రాలేదు. నా కూతురు కానుపుకు వచ్చి ఉంది. నిరుడు దానికి డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, మా ప్రాణాలు తోడేసింది. ఇప్పుడు కడుపులో బిడ్డతో మళ్ళీ వస్తే? రోజుకు పదిసార్లు తొట్లోకి తొంగి చూసేదాన్ని.

నా అవస్థ చూసి ఆశా వర్కరే ఒక కవరులో గంబూసియా చేపలు తెచ్చి మా సిమెంటు తొట్లో వదిలింది. వేలెడు కూడా లేవు. నీళ్ళలో లుకలుకలాడే దోమ పురుగులను ఇవి తినేస్తాయక్కా, ఇంక నీళ్ళు పారబోసే పని లేదని చెప్పి పోయింది.

కొన్నాళ్ళయినా పురుగులు తగ్గలా. చేపలు మాత్రం పొట్టలేసుకుని తీరుబడిగా తిరుగుతున్నాయి. ఏందబ్బా ఇది అని కనిపెట్టి చూస్తే, మా అత్త! పొద్దున, మాపటికి, తను తినేముందు పిడికెడు అన్నం మెత్తగా పిసికి తొట్లో వేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. అన్నం దొరికితే అవి పురుగుల ముఖం చూస్తాయా అని గట్టిగానే అడిగినాను.

"కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో నోరున్న దేన్నీ పస్తు పెట్టకూడదే," అనింది.

నా బిడ్డ మేలు కోరే కదా అంటోంది. చివరికి నా కూతురే వాళ్ళ జేజిని తొట్టి దగ్గరికి తీసుకుపోయి, నిరుడు తనకు జ్వరం తెచ్చిపెట్టింది ఈ పురుగులేనని చూపించింది. అత్త అన్నం వేయడం మానింది. తను తినడమూ మానింది! అవి పస్తుంటే నాకు ముద్ద దిగదని మొండికేసింది. నేను తల పట్టుకున్నాను.

మరునాడు చెంబు, నా టీ వడపోసే జాలి పట్టుకుని వీధిలోకి పోయింది. పక్కింటి తొట్టి, మేకలు తాగే గోలెం, మూలనపడ్డ పాత టైరు, ఎక్కడ పురుగులుంటే అక్కడ దేవి తెచ్చి మా చేపలకు వేసింది. అవి గుటుక్కు గుటుక్కుమని మింగుతుంటే చూసి, అప్పుడు కంచం ముందు కూర్చుంది. రోజూ ఇదే పని. మొదట వీధంతా ఒకటే నవ్వు. తర్వాత వాళ్ళే పిలవడం మొదలుపెట్టినారు, పెద్దమ్మా, మా తొట్లో కూడా ఉన్నాయి, రా అని. జాలి ఇక నేను అడగలేదు, కొత్తది కొనుక్కున్నాను.

నొప్పులొచ్చిన రోజు అందరం మార్కాపురం ఆస్పత్రికి బయల్దేరితే అత్త మాత్రం కారెక్కనంటే ఎక్కననింది. ఇంట్లో తొలి మునిమనవరాలో మునిమనవడో పుట్టబోతుంటే ఇదేం పంతమని దారంతా గొణుక్కున్నాను. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఫోను చేసి చెప్తే అత్త ఏడ్చింది. నా కోపం ఇంకా చల్లారలా. ఇంత ప్రేమున్నదానివి రాకుండా ఎందుకు కూర్చున్నావని నిలదీసినాను.

"నేనొస్తే చేపలకు ఎవరు పెడతారే? బిడ్డ రేపు ఈ ఇంటికే గదా వచ్చేది."