కౌలు కార్డు మీద నేను పెట్టని సంతకం

మా పొలం కౌలుకు చేసే రైతు పోయాడని జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చింది. శనగ చేలో మందు కొడుతూ కూలబడ్డాడట, గుండెపోటు. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చేలోగా ప్రాణం పోయింది. ఆ ఆసుపత్రి మా ఇంటికి నాలుగు వీధుల అవతల. నేను వెళ్లేసరికి ఆయన భార్య మెట్ల మీద కూర్చుని ఉంది. అంత దుఃఖంలోనూ నన్ను చూసి లేవబోయింది.

పదమూడేళ్లు ఆయన మా నాలుగెకరాల నల్లరేగడి చేశాడు. నేను రిటైరైన లెక్కల టీచరును. నాకు విత్తడం రాదు, కోయడం రాదు. పాసుపుస్తకం మాత్రం నా పేరున ఉంది. ఆయన విత్తే ముందు మట్టిగడ్డను పిడికిట్లో నలిపి, వాసన చూసి, "ఇంకా రెండు దినాలు ఆగల్ల" అనేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. తొలి పచ్చిశనగలు చెట్లతో సహా మోపు కట్టి, బస్సులో తెచ్చి ఇచ్చేవాడు. కుర్చీ చూపించినా గడప దగ్గరే కూర్చునేవాడు. కౌలు డబ్బు రెండుసార్లు ఎంచుకుని నేను రసీదు రాస్తుంటే నవ్వేవాడు.

"వాన పడినా రసీదు రాసిస్తావు టీచరమ్మా నువ్వు!"

ప్రభుత్వం రైతుకిచ్చే పెట్టుబడి సాయం నా ఖాతాలో పడేది. ఒక ఏడు పంట వానకు కుళ్లిపోతే పరిహారమూ నాకే వచ్చింది. అందులో ఒక్క పైసా నేను తినలేదు. అంతా కౌలులో తగ్గించి, పుస్తకంలో రాసి, ఆయనకు చదివి వినిపించేదాన్ని. దాన్నే న్యాయం అనుకున్నాను.

ఆయన అడిగింది అది కాదు. భూమి యజమాని సంతకం చేస్తే కౌలు రైతుకు కార్డు వస్తుంది. అది ఉంటే బ్యాంకులో పంట అప్పు పుడుతుంది, శనగలు ప్రభుత్వ ధరకు తన పేరున అమ్ముకోవచ్చు. ఏటా ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఏటా పులివెందుల నుంచి మా తమ్ముడు ఫోనులో అరిచేవాడు: "సంతకం పెడితివా, పొలం పాయె! రేపు ఆడ కొట్టం ఏసుకుని కూర్చుంటే ఏం జేస్తావు?" భూమి మీద ఏ హక్కూ రాదని, పదకొండు నెలలే చెల్లుతుందని ఆ కాగితంలోనే ఉంది. చదివాను. చదివి కూడా భయపడ్డాను.

నిరుడు గట్టిగానే అన్నాను. "నీకు రావలసింది పైసాతో సహా ఇస్తానే ఉండాను గదప్పా, మళ్లా ఇదేంది?"

ఆయన కాగితం మడుచుకున్నాడు. "దుడ్లు ఇస్తాండావులేమ్మా, కాదనను. నన్ను రైతని నువ్వొక్కదానివే అంటే యాడ చెల్లుతుంది? ఆఫీసులో నేను కూలోణ్ణి." దాన్ని జేబులో పెట్టుకుంటూ తనే నవ్వాడు. "భూమి ఎవురి పేరున ఉన్నా, ఎండ మాత్రం నా పేరునే కాస్తాది."

ఆ ఏడు కూడా వడ్డీ వ్యాపారి దగ్గరే అప్పు చేశాడు.

దినాలు అయ్యాక ఆయన భార్యను వెంటబెట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్లాను. ఇప్పుడు సంతకం పెడతాను, కార్డు ఈమె పేరున రాయండి అన్నాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఈ పంటకు గడువు దాటిపోయింది. పాసుపుస్తకం ఉన్న మీరే సాగు చేస్తున్నట్టు నమోదు చేస్తే ప్రభుత్వ ధరకు గింజలు కొంటారు, లేకపోతే అదీ లేదు. తర్వాత ఆమె వైపు తిరిగి, "మీ ఆయన ఏం పని చేసేవాడమ్మా?" అని అడిగింది.

ఆమె ఒకసారి నా ముఖం చూసింది. "కూలి" అంది.

మరునాడు పంట నమోదుకు ఆ అమ్మాయి చేలోకి వచ్చింది. శనగ పూత మీద ఉంది. రైతు పైరులో నిలబడిన ఫొటో కావాలట. చెప్పులు విడిచి సాలులోకి దిగాను. శనగాకుల మీద ఊరే పులుపు పాదాలకు అంటి చురుక్కుమంది. ఆయన భార్య నా వెనక గట్టు మీద ఉంది.

"రైతు ఒక్కరే ఉండల్ల," అంది ఆ అమ్మాయి, ఫోను ఎత్తి పట్టుకుని.

ఆయన భార్య చప్పున పక్కకు తప్పుకుంది.