భాద్ర ఎండలో తోలు పుస్తకం

అది 1964. కలకత్తాలో ఒక పాత లైబ్రరీలో నేను బైండరుగా చేరి ఆరేళ్లయింది. మేడమెట్ల కింద నా గది. ఎప్పుడూ పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన. ఆ వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. మిషన్ ప్రెస్సులో పని నేర్చుకున్నవాణ్ణి, నా అంత బైండరు ఊళ్లో లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

లైబ్రేరియన్ ఘోషాల్ బాబు తన బీరువాలో ప్రాణంలా దాచుకున్న పుస్తకం ఒకటుండేది. కొన్ని వందల ఏళ్ల కిందట ఇటలీలో చేత్తో రాసిన మహాకావ్యం. ఒక కవి నరకంలోకి దిగి, కొండెక్కి, చివరికి స్వర్గం చేరిన కథ. పేజీలన్నీ వెల్లం, అంటే దూడ తోలు. పెద్దక్షరాలకు ఇల్యుమినేషన్ చేశారు. సన్నని బంగారు రేకు అతికించి, చుట్టూ నీలం, ఎరుపు రంగులతో బొమ్మలు వేయడాన్ని అలా అంటారు. ఘోషాల్ బాబు ఏడాదికొకసారి దాన్ని తెరిచి నాకు చూపించేవారు. ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి.

బెంగాలీలకు భాద్రమాసంలో బట్టలూ పుస్తకాలూ ఎండలో పెట్టడం ఆచారం. వానలకు పట్టిన చెమ్మ పోవాలిగా. ఆ ఏడు కూడా వరండాలో పుస్తకాలు పరిచాం. ఈ పుస్తకం జోలికి పోవద్దని ఘోషాల్ బాబు ముందే చెప్పారు. పాపం, దీనికి మాత్రం చెమ్మ పట్టదా అనుకుని, ఆయన మీటింగుకి వెళ్లిన సమయంలో నేనే తెచ్చి నీడన తెరిచి పెట్టాను. టీ తాగి వచ్చేసరికి నీడ జరిగిపోయింది. పైనున్న రెండు ఆకులూ నిప్పుల మీద అప్పడంలా ముడుచుకుపోయాయి. ఒక అక్షరం మీంచి బియ్యపుగింజంత బంగారం లేచిపోయింది. పుస్తకం మూద్దామంటే మూతపడదు. అట్టకున్న ఇత్తడి కొక్కేలు అందం కోసం కాదనీ, తోలు ముడుచుకోకుండా అదిమిపెట్టడానికనీ నాకు అప్పుడు తెలిసింది.

మీటింగు నుంచి వచ్చి చూసిన ఘోషాల్ బాబు కేకలు వేయలేదు. కుర్చీలో కూలబడ్డారు.

"మూడు వారాల్లో ఇటలీ నుంచి ప్రొఫెసర్ వస్తున్నాడు, రావుబాబూ. ఈ పుస్తకం కోసమే. కమిటీ ముందు నేనేం చెప్పను?"

"తప్పు నాదని చెప్పండి, దాదా."

"చెబితే మీ ఉద్యోగం పోతుంది. పుస్తకం బాగుపడుతుందా?"

ఆ రాత్రి టికియాపారా బస్తీలో మా ఇంట్లో నాకు ముద్ద దిగలేదు. "ఏటైనాదిరా?" అని అయ్య అడిగాడు. అయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. లైబ్రరీలో అందరికీ రావుబాబు తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యాడని తెలుసు. అది నేను చెప్పిన అబద్ధం. మా అయ్య గురవయ్య మునిసిపాలిటీ మురిక్కాలవల్లో దిగి పనిచేశాడు. అంతకుముందు శ్రీకాకుళం వైపు మా ఊళ్లో తోలు పని చేసి, డప్పులు కట్టేవాడు.

జరిగింది చెప్పాను. అయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు.

"పచ్చితోలేట్రా అది? డప్పుకేసేదీ అదే గదా! దాన్ని తీసికెల్లి ఎండలో ఎట్టీసినావా? సెప్పుల తోలనుకున్నావేటి?"

నిజమే, అలాగే అనుకున్నాను. నేను అట్టలకు వేసేది పదును చేసిన తోలు, కాస్త ఎండను ఓర్చుకుంటుంది. వెల్లం అలా కాదు. సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెట్టిన పచ్చితోలు. ఎండ తగిలితే బిగుస్తుంది, చెమ్మ తగిలితే సాగుతుంది.

"ఎలా సరిచేయాలో చెప్పు, నేను చేస్తాను" అన్నాను.

"తోలు మాటల్తో ఇనదురా. సేత్తో సూడాల. నాను రావాల."

రెండు రోజులు నాన్చాను. అయ్యను లైబ్రరీకి తీసుకెళ్లాలంటే నాకు సిగ్గు. రాసుకోవడానికే కష్టంగా ఉంది గానీ, ఉన్నమాట అది. మూడో రోజు వేరే దారి లేక తీసుకెళ్లాను. అయ్య చర్చికి కట్టుకునే తెల్లపంచె కట్టుకుని వచ్చాడు.

"ఈయనెవరు?" అన్నారు ఘోషాల్ బాబు.

"తోలు పని తెలిసిన మనిషి, దాదా" అన్నాను. అయ్యకు బెంగాలీ బాగా వచ్చు. విన్నాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ముడుచుకున్న రెండు ఆకులూ వదిలి మిగతా పుస్తకానికి ఆయిల్ క్లాత్ చుట్టించాడు. ఒక చెక్కపెట్టె లోపల తడిగోనె కొట్టి, దాన్ని ఆ ఆకుల మీద బోర్లించాడు. నీటిచుక్క తగలకూడదు, తడిగాలే తగలాలి. మధ్యాహ్నానికి తోలు మెత్తబడింది. అప్పుడు మూడు అంచులకూ గుడ్డ మడతలు పెట్టి, బట్టల క్లిప్పులు తగిలించి, వాటికి దారాలు కట్టి, కింద పలకకు కొట్టిన మేకులకు లాగాడు. "అన్నిపక్కలా ఒక్కలాగ లాగాల. ఓ పక్క ఎక్కువైతే డప్పు ఏడుత్తాది" అంటూ గోటితో మార్జిన్ మీద తట్టి, చెవి దగ్గరగా వంచి విన్నాడు. దారం కాస్త బిగించాడు. మళ్లీ తట్టాడు. నూలుపోగంత తేడాను కూడా ఆ చెవి పట్టేసింది. నేను నోరు తెరుచుకుని చూశాను.

అన్నం వేళ ముగ్గురం నా గదిలోనే కూర్చున్నాం. అయ్య చేపముక్క ముల్లు తీసి, అలవాటు కొద్దీ నా టిఫిన్ డబ్బా మూతలో వేశాడు. నేను గబుక్కున మూత పక్కకు జరిపాను. ఘోషాల్ బాబు తల వంచుకుని తన రొట్టెలు తిన్నారు.

ఆ పని ఐదు రోజులు సాగింది. ఒకరోజు అయ్య బొమ్మ మీదికి వంగి అడిగాడు. "ఈ ముందల నడుస్తున్న ముసిలోడెవుడ్రా?"

"కవికి దారి చూపించేవాడు. నరకమంతా దాటించి, కొండ కూడా ఎక్కిస్తాడు. స్వర్గంలోకి మాత్రం అతనికి ప్రవేశం లేదు."

"అదేటి, ఎందుకని?"

"బాప్తిస్మం లేదు కనుక."

అయ్య ఆ ముసలాయన్నే చూశాడు. "దారి తెలిసినోడికి లోపటికి రానియ్యరేట్రా! అదేం నాయం?" అని మళ్లీ దారం అందుకున్నాడు.

ఆరో రోజు పుస్తకం మూతపడి కొక్కేలు పడ్డాయి. ఆ చప్పుడికి ఘోషాల్ బాబు కళ్లు తుడుచుకున్నారు. ఊడిన బంగారం మాత్రం తిరిగి రాలేదు. మరమ్మతుల రిజిస్టరులో రాయడానికి ఆయన అయ్య పేరడిగారు. అయ్య నావైపు చూశాడు. ఇంటిపేరుతో చెబితే నా ఇంటిపేరు అదేనని తెలిసిపోతుంది. "గురవయ్య" అని మాత్రం చెప్పాడు. మా నాన్న అనడానికి నాకు అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నోరు మెదపలేదు. ప్రొఫెసర్ వచ్చి, చూసి, మెచ్చుకుని వెళ్లాడు.

1971 వానల్లో ఇంకో ఆకు కొద్దిగా లేచింది. అప్పటికి ఘోషాల్ బాబు రిటైరయ్యారు. అయ్య పోయి రెండేళ్లు. క్లిప్పులు ఎంత ఎడంగా పెట్టాడో రాసి ఉంటుందేమోనని పాత రిజిస్టరు తీశాను. ఘోషాల్ బాబు గుండ్రటి బెంగాలీ అక్షరాల్లో ఇలా ఉంది: "రెండు ఆకులు ఎండకు ముడుచుకున్నాయి. సరిచేసినవారు శ్రీ గురవయ్య మహాశయ్, మన రావుబాబు తండ్రిగారు."

ఆ చేపముక్క ఆయన చూశారన్నమాట. ఏడేళ్లూ ఒక్కమాట అనలేదు. రిజిస్టరు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆ మూడో ఆకును నేనే సరిచేశాను, గోటితో తట్టి, విని. పచ్చితోలును ఎండలో పెట్టకూడదని 1964లోనే నేర్చుకున్నాను. రెండో సంగతి నేర్చుకునేసరికి వినాల్సిన మనిషి లేడు. ఆ తర్వాత ఆ పుస్తకం చూడటానికి ఎవరొచ్చినా, బంగారం ఊడిన పేజీ దగ్గర ఆపేవాణ్ణి. "ఈ తప్పు నాది. ఈ ఆకులు చక్కబెట్టింది మా నాన్న. డప్పులు కట్టేవాడు" అని చెప్పేవాణ్ణి, ఎవరూ అడగకపోయినా.