అమ్మమ్మ పాడుకున్న జామకాయ

భవానీపురంలో ఆటో దిగగానే జామకాయల బండి వాసన తగిలింది. అంతే, మనసులో మళ్లీ చిన్నపిల్లనై, హనుమాన్ జంక్షన్ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో, చర్చిలో చాప మీద కూర్చున్నాను. ఇంట్లో పండినవి దేవుడికిచ్చి, మళ్లీ వేలంపాటలో మనమే పాడుకునే కోత పండగ గుర్తుందా మీకు?

అమ్మమ్మ పెరట్లో జామచెట్టు ఏళ్ల తరబడి కాయలేదు. తాతయ్య గొడ్డలి తీసినప్పుడల్లా "ఈ ఒక్క ఏడాదీ ఉండనియ్యండి" అనేది. చివరికి ఒకే ఒక్క కాయ కాసింది. చిలకలు కొట్టకుండా దానికి పాత చీరగుడ్డ కట్టి, తొలికాయ దేవుడిదంది. పిల్లలం మేం గొణిగితే, "బైబిల్లో శారమ్మ ముసలయ్యేదాకా బిడ్డ కోసం ఆగిందే, మీరు పండగ దాకా ఆగలేరూ?" అని కసిరేది.

పండగనాడు గుమ్మడికాయలూ కోళ్లూ అయిపోయాక, పాస్టరుగారు మా కాయను పైకెత్తారు. మొదటి పాట అమ్మమ్మదే. ఏటా అన్నీ పాడుకుపోయే రైసుమిల్లు బాబాయి లేచాడు. పిల్లలందరం ఆయన వంకే చూశాం. ఆయన మా మొహాలు చూసి, "అత్తయ్య పాడాక ఇంకెవరు పాడతారండీ, పాట కొట్టెయ్యండి అయ్యగారూ!" అని కూర్చున్నాడు.

అమ్మమ్మ చర్చి అరుగు మీదే కాయ కోసి, పిల్లలందరికీ గోరంత ముక్క పెట్టింది. బాబాయికీ ఒకటి. నేను గింజ కూడా ఉమ్మలేదు.

ఇవాళ సంచెడు కాయలు కొన్నాను. ఇంటికొచ్చి ఒక్కటే కోసి, తలా గోరంత ముక్క పెట్టాను.

"ఇంకా బోలెడున్నాయిగా అమ్మా!" అంది మా పాప.

"ఉన్నాయిలే. ముందు ఇది తిను."