ఉర్దూ సార్ కప్పిన శాలువా

పేరు ముందు ‘డాక్టర్’ లేకపోతే మనిషికి విలువ లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి. నాకు గౌరవ డాక్టరేట్ వచ్చింది. వచ్చింది అనడం కన్నా, వెళ్లి తెచ్చుకున్నాను అనడం న్యాయం. ఎవరూ పేరు వినని ఒక విశ్వవిద్యాలయం వాళ్లు హైదరాబాద్ ఫంక్షన్ హాల్లో పంచిపెట్టారు. నల్లగౌను ఒక్కటే ఉంది. ఒకరు ఫొటో దిగి విప్పితే ఇంకొకరు తొడుక్కోవాలి. నా ముందాయన భారీ మనిషి, పైగా ఎండాకాలం. (ఫొటోలో నా ముఖాన కనిపించేది గాంభీర్యం కాదు, గౌనులోని ఆయన చెమట తడి.) డాక్టరేట్ సమాజసేవకట. నేను చేసిన సేవ ఏమిటని వాళ్లు అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు.

మరునాడు బడిలో సన్మానం. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చే అటెండర్ మొదలు కరస్పాండెంట్ దాకా అందరూ ‘డాక్టర్ సార్’ అన్నారు, ఒక్క ఉర్దూ సార్ తప్ప. స్టాఫ్ రూములో ఆయనది నా పక్క కుర్చీ. ఏళ్ల తరబడి పాత దక్కనీ పాటల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. పచ్చ శాలువా కప్పి, ముబారక్ చెప్పి ఊరుకున్నాడు. ఆయన నోట ‘డాక్టర్’ అన్న మాట వినాలని నాకు పంతం పట్టుకుంది. ఆయన ముందే ఫోనెత్తి ‘డాక్టర్‌ని మాట్లాడుతున్నా’ అనేవాణ్ణి. ఆయన చాయ్ తాగేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, ఇన్నేళ్ల కష్టమెందుకు, నాకిచ్చినవాళ్లయితే ఒక్క పూటలో ఇస్తారని సలహా చెప్పాను.

“నేను జర చదువుకుంట చేస్తున్న సార్, గందుకే లేటైతున్నది” అన్నాడు.

చివరికి ఆయనకు పట్టా వచ్చింది. అప్పటికి నేను ప్రిన్సిపాల్‌ని (గౌను ఫొటో చూసే ఇచ్చారు), కాబట్టి సన్మానం నా చేతుల మీదుగానే. మా దగ్గర శాలువాలకు ఒక పద్ధతుంది. మనకు కప్పినవి బీరువాలో దాచి, ఇంకొకరి సన్మానానికి తీస్తాం. ఏది ఎవరు కప్పారో గుర్తుంటే చాలు. నాకు గుర్తులేదు. చేతికందింది పట్టుకెళ్లి, పిల్లలందరి ముందు ఆయన భుజాల మీద కప్పాను. ఆయన అంచు తడిమి చూసుకున్నాడు. ఫొటోకు నవ్వుతూనే నా చెవి దగ్గరికి వంగాడు.

“డాక్టర్ సాబ్, గిది నేను మీకు కప్పిందే. అంచు ఊడితే మా బేగం కుట్టింది, చూడున్రి.”

చూశాను. పచ్చ శాలువాకు ఎర్రదారం. (అంటే ఆయనకూ అది ఎవరో కప్పిందే. కానీ అది తేల్చుకునే సమయం కాదు.) పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఆ పిలుపు కోసం అన్నాళ్లు కాచుకున్నవాణ్ణి, తీరా విన్నాక ఎటు చూడాలో తెలియలేదు.

ఇప్పుడు సన్మానాలకు కొత్త శాలువాలే కొంటున్నాను. ఉర్దూ సార్ మళ్లీ నన్ను ‘సార్’ అనే పిలుస్తున్నాడు, ప్రాణానికి హాయిగా ఉంది. గౌను ఫొటో మాత్రం దాచుకున్నాను. వెనక వరుస వాళ్లు తొందరపెడుతున్నా వినకుండా, ఆ తడిగౌనులోనే ఇంకొక్క ఫొటో తీయమని బతిమాలాడు ఆ ఫొటోలో ఉన్నవాడు.