ఏడో పాటకు మార్కులు

నాకు అక్షరాలు నేర్పింది మా తమ్ముడు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. వాడికి ఊపిరితిత్తులు చెడిపోయి ఏడాది. గని టౌన్‌షిప్పులో డంపర్లు బాగుచేసే పని వదిలేసి, తర్లగూడ దగ్గర మా పల్లెకు వచ్చి మంచం పట్టాడు. మా అమ్మను మేం అవ్వ అంటాం. గీదం ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసి డాక్టరు హిందీలో చెప్పిన మాటను మేం ముగ్గురం తెలుగులో ఎప్పుడూ పైకి అనలేదు.

వాడి ఫోనులో పద్దెనిమిది ఇంగ్లీషు పాటలుండేవి. హాస్టల్లో తోటి ఫిట్టరు మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చినవి. దాదాపు అన్నీ మేం పుట్టకముందువే. నోటుబుక్కులో వాటి నంబర్లు వరసగా వేసి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి నన్ను చదవమన్నాడు. కూడబలుక్కున్నాను.

"రాక పాటలు. ఎవరి రాకరా తమ్మీ?"

వాడు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "రాక కాదక్కా, రాక్. క మీద పొల్లున్నది, కనబడ్తలేదా?"

"పొల్లు ఎవరన్న ఉంచుకుంటరా? చాటల పోసి చెరిగి పారేస్తరు గని."

"నీ చేతికిస్తే తెలుగు సగం గాలికే పోతది."

ఆ పాటలకు పదికి ఇన్నని నేను మార్కులు వేయాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా శోకం ఎత్తడానికి నన్నే పిలుస్తారు. పోయిన మనిషి ఏం ఇష్టంగా తిన్నాడో, బర్రెను ఏ పేరుతో పిలిచాడో పాటలోకి తెచ్చి ఏడుస్తాను. వాడికి అది గిట్టదు.

"నేను పోయిన్నాడు నువ్వు శోకం ఎత్తొద్దు. నా దగ్గు, నా తెమడ ఊరందరి ముంగట పాట కడ్తవ్. వీటిల ఒకటి పెట్టు. ఏది పెట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాడు. పొయ్యి దగ్గర అవ్వ వింటూనే ఉంది.

మధ్యాహ్నాలు వాడు మంచం మీద, నేను కింద. మాటలు అర్థం కావు కనుక గొంతునే పట్టుకునేదాన్ని. మొదటి పాటలో మనిషి అరిచాడు. అరుపు తప్పు కాదు, శవం మీద పడి నేనూ అరుస్తాను. కానీ అతనిది వినేవాళ్లున్నారని తెలిసి అరిచిన అరుపు. రెండు వేశాను. నాలుగో దాంట్లో డప్పు బాగుంది, మనిషి లేడు. అయిదో దాంట్లో గొంతు బొంగురు.

"గొంతు మంచిగ లేదు గదా?" అన్నాడు తమ్ముడు, నన్ను పరీక్షిస్తూ.

"మంచి గొంతు ఏం జేసుకుంటం? ఊపిరి ఏడ తీస్కుంటుండో చూడు. మాట సగంల. ఆపుకోలేక."

ఎనిమిది వేశాను.

ఏడో పాటలో పాడేవాడు మధ్యలో ఆగిపోయాడు. గిటారు ఒక్కటే చాలాసేపు పోయింది. శోకంలోనూ ఒకచోట మాటలు అందవు, గొంతు మాత్రమే సాగుతుంది. అక్కడ నటించేవాళ్లను నేను వాకిట్లో నుంచే పట్టగలను. ఆ గిటారు నటించలేదు.

"ఎన్ని?"

"తొమ్మిది."

"ఒకటెందుకు కోసినవ్?"

"వానికి నువ్వెవరో తెల్వదు."

తమ్ముడు ఫోను ఆపేశాడు. "పోనీ. ఏడోదే పెట్టు" అన్నాడు. సరేనన్నాను.

చలికాలంలో ఒక పొద్దున వాడు పోయాడు. ఊరి ఆడవాళ్లు వచ్చి, నాకు దారి వదిలి నిలబడ్డారు. నేను ఫోను వాడి తల పక్కన పెట్టి ఏడో నంబరు నొక్కాను.

"ఇదేంది, రేడియోనా?" అందో ముసలామె. ఎవరో ఆమెను ఊరుకోమన్నారు. గిటారు వచ్చిన చోట ఇద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది చూసి, నా మార్కులు సరైనవే అనుకున్నాను. తమ్ముడి శవం ముందు కూర్చుని అలా అనుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ రోత.

పాట అయిపోయింది.

"అయిందా? ఇగ నువ్వెత్తు బిడ్డా" అంది అవ్వ.

"వద్దన్నడు గదనే. నువ్వూ విన్నవ్."

"వాడు అననీ. నా కొడుకును ఉత్తగనే పంపుతవా?"

అవ్వే ఎత్తింది. చిన్నప్పుడు వాడు వాగులో చేపలు పట్టి అంగీలో మూటగట్టుకుని తెచ్చిన రోజుతో మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. తడుముకుంటూ నా మొహంలోకి చూసింది. రావలసిన మాట నా నాలుక మీద ఉంది. అందించలేదు. వాడిని ఎత్తుకుపోయేదాకా అవ్వ ఆ చేపల దగ్గరే తిరిగింది.