మూడు బంకులు, ఒకే నిచ్చెన

1982 మార్చిలో నన్ను న్యూయార్క్ ఆఫీస్ నుంచి మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫోర్డ్ రేవుకి తాత్కాలికంగా పంపారు. నేను నేవల్ ఆర్కిటెక్ట్‌ని, అంటే ఓడల నిర్మాణం లెక్కలు తెలిసిన ఇంజనీర్ని. విశాఖలో కొన్నేళ్లు ఓడల డ్రాయింగులు గీశాను. అమెరికా వచ్చి, పౌరసత్వం తీసుకున్నాక ఓడల్ని తనిఖీ చేసే ప్రభుత్వ విభాగంలో చేరాను. ఇల్లు న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో. మా ఆవిడ శారద అక్కడి హాస్పిటల్‌లో ఫార్మసిస్ట్. ఈ డ్యూటీ వారం రోజులని చెప్పి బయల్దేరాను. ప్రభుత్వం వారి వారం ఎంత సాగుతుందో ఆమెకి నాకంటే బాగా తెలుసు.

అక్కడ నా పై అధికారి బ్రాంట్, సీనియర్ మెరైన్ ఇన్‌స్పెక్టర్. లావుపాటి మనిషి, మాట తక్కువ. తనని వాల్టర్ అని పిలవమని మొదటి రోజే చెప్పాడు. నా నోటికి ‘సర్’ తప్ప మరొకటి రాలేదు. కొన్నాళ్లు చూసి ఆయనే ఊరుకున్నాడు.

మా ముందున్నది మినహాయింపు కేసు. ప్రయాణికులకి, సిబ్బందికి సంబంధించిన నిబంధనలు ప్రతి ఓడకీ అతికినట్టు సరిపోవు. అలాంటప్పుడు యజమాని ఫలానా నిబంధన నుంచి మినహాయించమని అడగవచ్చు. బయటివాళ్లు దీన్ని దయాదాక్షిణ్యాల వ్యవహారం అనుకుంటారు. అది పొరపాటు. నిబంధన చేసే పనిని ఇంకో ఏర్పాటు అంత బాగానూ చేస్తుందని యజమాని రుజువు చేయాలి, ఆ రుజువుకి మేం సంతకం పెట్టాలి.

అడిగిన వ్యక్తి కెప్టెన్ డోయల్. తన సొంత ఓడని తనే నడిపేవాడు. తీరానికి అవతలున్న దీవులకి సిమెంటు, కిరాణా సరకులు, కిరోసిన్ పీపాలు చేరవేసే చిన్న పాత ఓడ అది. పాత ఓడలకి పాత నిబంధనలు చాలు. కానీ ఆయన ఆ చలికాలంలో సరకు గదిని పెంచి, అందుకోసం వంటవాడినీ డెక్ మీద పనిచేసే ఇద్దరినీ ఓడ ముందు భాగంలోని ఇరుకు గదికి మార్చాడు. అంత పెద్ద మార్పు చేస్తే ఓడ కొత్త నిబంధనల కిందికి వచ్చేస్తుంది. కొత్త నిబంధన ప్రకారం మనుషులు నిద్రపోయే గదికి బయటపడే దారులు రెండుండాలి. ఆ గదిలో ఒకదానిపై ఒకటి బిగించిన మూడు పడకలు, అంటే బంకులు, పైకి వెళ్లడానికి ఒక్క నిచ్చెన. పైకప్పులో గాలి కోసం పెట్టిన చిన్న మూత ఉంది. దాన్నే రెండో దారిగా లెక్కించమని ఆయన కోరిక.

సర్టిఫికెట్ లేనిదే ఓడ కదలకూడదు. మే నెలకల్లా దీవుల సీజన్ మొదలవుతుంది. అప్పటికి తేలకపోతే సరకు వేరేవాళ్ల చేతికి పోతుంది, ఓడలో పనిచేసేవాళ్లు వీధిన పడతారు. ఈ సంగతి డోయల్ చెప్పనక్కర్లేదు, రేవులో అందరికీ తెలుసు.

బ్రాంట్‌కి ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకంలోనూ లేదు. ఇలాంటి కేసు వస్తే ఓడకి ఒక తువ్వాలు పట్టుకెళ్లేవాడు. పొగ కమ్మితే కళ్లు కనపడవు కాబట్టి, మినహాయింపు అడిగిన మనిషి ఆ బంకులో పడుకుని, కళ్లకి తువ్వాలు కట్టుకుని, తనంతట తాను బయటికి రావాలి. తర్వాత సిఫార్సు చేసే ఇంజనీర్ కూడా. అంటే నేను.

డోయల్ నవ్వుతూనే పడుకున్నాడు. ఆ ఓడలో కళ్లు మూసుకుని తిరగగల మనిషి. చిటికెలో నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. బ్రాంట్ మెచ్చుకుని, మళ్లీ పడుకోమన్నాడు. ఈసారి తనే వెళ్లి నిచ్చెన మీద కూర్చున్నాడు. ఆ శరీరం వెనక నిచ్చెన కనిపించడం మానేసింది.

“ఇప్పుడు మంట నేను,” అన్నాడు. “రండి.”

డోయల్ తడుముకుంటూ పై బంకు ఎక్కాడు. మూత దొరికింది, తెరిచాడు, తల బయట పెట్టాడు. భుజాల దగ్గర ఇరుక్కున్నాడు. ముందుకి రాలేక, వెనక్కి పోలేక నానా తంటాలు పడ్డాడు. చివరికి ఇద్దరం కాళ్లు పట్టి కిందికి లాగాం. తువ్వాలు విప్పుకున్నాక ఆయన ముఖంలో నవ్వు లేదు.

నా వంతు వచ్చింది. నాది బక్క ప్రాణం. మోచేతులు గీరుకుపోయినా మూతలోంచి బయటపడ్డాను. డోయల్‌కి కాస్త ఆశ పుట్టింది. బ్రాంట్ పక్కనే నిలబడి చూస్తున్న వంటవాడు ఆర్నీ వైపు తిరిగాడు. ఆర్నీ డోయల్ కంటే దిట్టమైన మనిషి.

“నన్ను చూడకండి, నా చెయ్యి తప్ప ఏదీ పట్టదు అందులో,” అన్నాడు ఆర్నీ. “అయినా మేమేం అనుకోం. సంతకం పెట్టేయండి. ఓడ కదలకపోతే మాకు పని లేదు.”

“మీరేం అనుకోరని తెలుసు,” అన్నాడు బ్రాంట్. “అందుకే మిమ్మల్ని అడగలేదు.”

ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది. పని అవసరమున్నవాడు దేనికైనా సరేనంటాడు. ఆ ‘సరే’ని రుజువుగా తీసుకోవడం మా ఉద్యోగంలో చాలా తేలిక. ఆయన డోయల్‌తో ఒకటే చెప్పాడు. ఇరుకుకి మినహాయింపు ఇస్తాను, కప్పు ఎత్తు తక్కువైతే ఇస్తాను, దారి లేకపోవడానికి మాత్రం ఇవ్వను. సరకు గదిలోకి దారి తీయడానికి వీల్లేదు, అక్కడ కిరోసిన్ ఉంటుంది. మూతని పెద్దది చేయాలంటే డెక్ దూలం కోయాలి. అది ఓడకే ప్రమాదమని నేను లెక్క వేసి చూపించాను. డోయల్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన ఇక లాయర్‌తోనో కాంగ్రెస్ సభ్యుడి సిఫార్సుతోనో దిగుతాడనుకున్నాను. అది కూడా ఆ రోజుల్లో మామూలే.

మర్నాడు పొద్దున్నే కొత్త దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. దానిలో ముందు గది లేదు. వెనక డెక్ మీద, తలుపూ, ఆర్నీ కూడా దూరగలిగేంత పెద్ద కిటికీ ఉన్న తన సొంత గదిలో మూడు బంకులు వేస్తానన్నాడు. అవి కాస్త ఇరుకే, ఆ ఇరుకుకి మినహాయింపు కావాలి. కెప్టెన్‌కి విడి గది ఉండాలని నిబంధన. ఇప్పుడు ఆయనకి లేదు. చుక్కాని తిప్పే గది వెనకున్న మ్యాపుల గదిలో బల్ల మీద పడుకుంటాడట, దానికి రెండో మినహాయింపు. తను అడిగిన మినహాయింపుని తన మీదికే తిప్పుకున్నాడు.

“ఆ మ్యాపుల గదికైతే రెండు తలుపులున్నాయి,” అన్నాడు డోయల్, బ్రాంట్ కేసి చూస్తూ. “తువ్వాలు తెచ్చుకోండి.”

బ్రాంట్ నిజంగానే తెచ్చాడు. ఒక తలుపుకి తనే అడ్డం కూర్చున్నాడు. డోయల్ రెండో తలుపులోంచి బయటికి నడిచాడు. ఆ మధ్యాహ్నమే రెండు మినహాయింపులకీ నేను సిఫార్సు రాశాను, బ్రాంట్ సంతకం పెట్టాడు. సీజన్ మొదలయ్యేసరికి ఓడ సరకుతో బయల్దేరింది. ఆ ఇద్దరిలో ఎవరిని ఎక్కువ మెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సంతకాలైన రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి శారదకి అంతా చెప్పాను.

“ముందు ఆ మోచేతులకి ఆయింట్‌మెంట్ రాయండి,” అంది. “అయినా అంత మంచివాడైతే తన రూమ్ మొదటే ఇచ్చేయొచ్చు కదండీ! మీ అందరి చేత ఈ సర్కస్ చేయించడం దేనికీ?”

“మొదట ఆయన ఆ ఇరుకు గదిలో పడుకుని చూడలేదుగా,” అన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో మినహాయింపు ఫైళ్లు నా బల్ల మీదికి వచ్చాయి. డ్రాయింగ్ విప్పే ముందు యజమానిని ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: ఈ గదిలో మీరు పడుకున్నారా? చాలామంది లేదనేవారు. వాళ్లని ఓడకి తీసుకెళ్లేవాణ్ణి, తువ్వాలుతో సహా.