ఎవరి డిఫెన్స్ గట్టిది?

ఎడారి దేశంలోని మా లేబర్ క్యాంప్ గదిలో కూరలో ఉప్పు తక్కువైనా సర్దుకుంటాం గానీ, ఫుట్‌బాల్ డిఫెన్స్ మాటొస్తే ఎవరం తగ్గం. ఇటలీ క్లబ్బులను మించినవాళ్ళు లేరని మా కంపెనీ జట్టు కెప్టెన్, జగిత్యాల అన్న, పట్టు పడతాడు.

"గోల్స్ ఎవ్వలకు తక్కువ పడ్డయో గాళ్ళదే డిఫెన్స్, తమ్మీ!"

నాకు ఒళ్ళు మండేది. "గట్లెట్లనే అన్నా? బాల్ అంతసేపు పెద్ద క్లబ్బోళ్ళ కాళ్ళకాడనే ఉంటే గోలెట్ల పడ్తది? రాత్రి మ్యాచ్‌ల చిన్న జట్టును జూడు. ఆటంత మీద పడ్డా ఒక్క గోలే ఇడిసిండ్రు. గదీ డిఫెన్సంటే!"

"మస్తు జెప్తున్నవ్. శుక్రారం డిఫెన్స్‌ల నువ్వే నిలవడు, జూద్దాం."

నా గుండె ఎగిరి గంతేసింది. అప్పటిదాకా బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే నా ఆట. ఈ ఒక్క ఛాన్సు చెడగొడితే మళ్ళీ అక్కడికే.

శుక్రవారం సెలవునాడు క్యాంపు దగ్గరి బర్వా గ్రౌండులో ఘనా కార్మికులతో మ్యాచ్. మేం ఒక గోలు ముందున్నాం. వాళ్ళు అలలు అలలుగా మీద పడుతున్నారు, నేను అడ్డుపడుతున్నాను. ఎంత హుషారో! ఆట ముగియబోతుండగా వాళ్ళ పొడుగాటి ఫార్వర్డ్ నన్ను దాటేశాడు. ఊళ్ళో కబడ్డీ ఆడి పెరిగిన ఒళ్ళు కదా, నాకంటే ముందు నా చేతులు కదిలాయి. దూకి అతని మడమలు దొరకబుచ్చుకున్నాను. నా పక్క డిఫెండరూ మా జిల్లావాడే. వాడూ ఎగిరి నడుం పట్టేశాడు! పాయింటొచ్చినట్టు ఇద్దరం గట్టిగా అదిమి పట్టుకున్నాం కూడా.

"కబడ్డీ మాఫీ! ఫుట్‌బాల్!" అని, కబడ్డీ లేదిక్కడని అరబ్బీలో అరుస్తూ రెఫరీ, మా ఈజిప్టు సూపర్‌వైజర్, నవ్వాపుకోలేక ఎర్రకార్డుకు బదులు పసుపుది చూపించి పెనాల్టీ ఇచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను. టీవీలో పెద్ద డిఫెండర్లు చేతులు వెనక్కి పెట్టుకుంటే ఫోజనుకునేవాణ్ణి. మనిషి పక్కనుంచి దూసుకుపోతుంటే చేతుల్ని ఆపుకోవడమెంత కష్టమో అప్పుడు తెలిసింది.

పెనాల్టీ బంతి స్తంభానికి కొట్టుకుని వెనక్కొచ్చింది. అందరికంటే ముందు ఉరికి, ఉన్న బలమంతా పెట్టి అవతలికి తన్నాను. విజిల్! గెలిచాం!

అందరూ గంతులేస్తుంటే నేను మాత్రం అన్న మొహమే చూస్తున్నాను. ఆయన దగ్గరికొచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

"వచ్చే శుక్రారం గూడ నువ్వే ఆడాలె. కాని నీ చేతులు కట్టి పంపిస్త."